అమ్మ పేరున పడ్డ పెట్టె

“అసలు ఆ సుద్దగీత ఎందుకు తుడిచావమ్మా?”

సుధన్వ పొద్దుటినుంచి ఈ మాటే తిప్పి తిప్పి అడుగుతున్నాడు. శేషారత్నం వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కాయలు గిన్నెలోకీ, ఈనెలు పాత పేపరు మీదకీ పోవాలి. ఇవాళ అవి అటువి ఇటూ ఇటువి అటూ అయిపోతున్నాయి.

“మురికి అనుకున్నాను,” అంది చివరికి.

“మురికి కాదమ్మా అది. కస్టమ్స్ వాళ్ళు పెట్టిన గుర్తు. లోపల మిషన్లో ఏదైనా తేడాగా కనిపిస్తే ఆ పెట్టె మీద సుద్దముక్కతో గీత గీసి బెల్టు మీదకి వదులుతారు. బయట ఆపి విప్పించమని దానర్థం. నువ్వేమో కొంగుతో శుభ్రంగా తుడిచేశావు. అదంతా కెమెరాలో పడింది.”

“నాకేం తెలుసు నాయనా? చెయ్యి ఊరుకోలేదు.”

ఆ మాట నిజం. బందరు ఈడేపల్లిలో ఆ వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది. శేషారత్నం పేరంటానికి వెళ్తే, తాంబూలం పుచ్చుకునే లోపల వాళ్ళ కిటికీ ఊచల మీద దుమ్ము చూసి, ఎవరూ చూడకుండా కొంగుతో తుడిచి మరీ వస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆ గుణాన్నే నలుగురిలో మెచ్చుకునేది. ఇప్పుడదే గుణం కేసులో నేరమై కూర్చుంది. గుర్తు చెరిపేసింది కాబట్టి లోపల ఏముందో ఆవిడకి ముందే తెలుసని కస్టమ్స్ వాళ్ళు అనుకుంటున్నారు.

లోపల ఉన్నవి ప్రాణాలు. బ్యాంకాక్ నుంచి వచ్చిన ఆ నీలం పెట్టెలో బట్టల మధ్య గుడ్డసంచులు, ఆ సంచుల్లో రంగురంగుల బల్లులు, అరచేతిలో పట్టే తాబేళ్ళు, చుట్ట చుట్టుకున్న చిన్న పాములు, రెండు కోతిపిల్లలు. కోతిపిల్లల్లో ఒకటి అప్పటికే చచ్చిపోయింది. శేషారత్నాన్ని హైదరాబాదు ఎయిర్‌పోర్టులోనే పట్టుకున్నారు. పెద్దవయసు ఆడమనిషి, ఇంతకుముందు ఏ కేసూ లేదు అని కోర్టు బెయిలిచ్చింది. సోమవారం మళ్ళీ వచ్చి వాంగ్మూలం ఇవ్వమని ఇప్పుడు పిలుపొచ్చింది.

ప్లీడరు కాంతారావు నిన్న వచ్చి మెత్తగానే చెప్పి వెళ్ళాడు. “ఈసారి మీరు చెప్పేదే నిలుస్తుందమ్మా. రుజువైతే ఏళ్ళ తరబడి జైలు. మీరేం చెప్పాలో నేను చెప్పకూడదు. చెప్పేది నిజమైతే మాత్రం నాకు పని తేలిక.”

ఆ పెట్టె ఎవరిదో ఇంట్లో ఉన్న ముగ్గురి మనసుకీ తెలుసు. పైకి అనేవాళ్ళే లేరు.

“సోమవారం ఏం చెప్పాలో ఒక్కసారి అనుకుందాం,” సుధన్వ గొంతు తగ్గించి తల్లి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. “హోటలు బయట ఎవరో తెలుగావిడ కలిసింది. హైదరాబాదులో మా వాళ్ళొచ్చి తీసుకుంటారు, ఈ పెట్టె పట్టుకెళ్ళండి పిన్నిగారూ అంది. నువ్వు కాదనలేకపోయావు.”

“ఆవిడ పేరేంటంటే?”

“మర్చిపోయానను. నీ వయసుకి ఎవరూ ఏమీ అనుకోరు.”

“మనిషి ఎలా ఉందంటే?”

“ఎలా ఉంటుందమ్మా? నీలాగే పెద్దావిడని చెప్పు.”

శేషారత్నం తలెత్తి కొడుకు మొహం చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. గడ్డం పెరిగింది. వాడికి భయంగా ఉంది. చిన్నప్పుడు జ్వరం వచ్చినా ఇదే మొహం పెట్టేవాడు, మందు తాగించేదాకా ఆమె చీర కుచ్చెళ్ళు వదిలేవాడు కాదు. ఆమెకి కోపం రావలసిన చోట జాలి వచ్చింది. కొడుకు విషయంలో ఆమెకి ఎప్పుడూ అదే వస్తుంది.

“అలాగే చెప్తాలే,” అంది. “కాస్త తిని వెళ్ళు.”

“గుడివాడ వెళ్ళి రావాలి. వాళ్ళు మాట్లాడదాం రమ్మన్నారు.”

గుడివాడ వాళ్ళంటే ఎవరో ఆమె అడగలేదు. రంగుచేపల దుకాణం అని ఒకసారి అన్నాడు, పెంపుడు జంతువుల వ్యాపారం అని ఇంకోసారి అన్నాడు. ఆ పెట్టె వాళ్ళ కోసమే వచ్చిందని ఆమెకి ఈపాటికి అర్థమైంది. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం. చెప్పేస్తే తెలియదని అనడానికి ఉండదు.

సుధన్వ వసారాలో తండ్రి పక్కనుంచే వెళ్ళాడు. సీతారామాంజనేయులు పేపరు దించలేదు.

ఆయన బందరు కోర్టులో గుమాస్తాగా చేరి బెంచి క్లర్కుగా రిటైరయ్యాడు. బోనెక్కిన సాక్షి చేత ప్రమాణం చేయించేది ఆయనే. గొంతు సవరించుకునే తీరు చూసే అబద్ధమెవడిదో పట్టేస్తాడని ప్లీడర్లు సరదాగా అనేవారు. బెయిలు మీద భార్య ఇంటికొచ్చిన రోజు ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“ఆ పెట్టె ఎవరిది రత్నం?”

“నాదేనండీ.”

ఆ మాటతో ఆయన నోరు మూతపడింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. మంచినీళ్ళు కావాలన్నా గోడకి చెబుతాడు. మాట మానేసిన మొగుడికి కాఫీ మానెయ్యడం కుదరదు కాబట్టి, శేషారత్నం వేళకి గ్లాసు తీసుకెళ్ళి స్టూలు మీద పెట్టి వస్తుంది. ఆయన తాగి అక్కడే పెడతాడు. ఆ ఇంట్లో కాపురం ప్రస్తుతం ఆ గ్లాసు మీద నడుస్తోంది.

“వదినగారూ, ఏం చేస్తున్నారు?” అంటూ పక్కింటి విజయకుమారి పెరటి వైపునుంచి వచ్చింది.

ఆవిడ కూడా ఆ ప్రయాణంలో ఉన్న మనిషే. సుధన్వకి కోనేరు సెంటరు దగ్గర టూర్ల ఆఫీసు ఉంది. కాశీ, రామేశ్వరం, ఈమధ్య బ్యాంకాక్. ఎక్కువగా వీధిలో వాళ్ళనీ, చుట్టాలనీ, అందులోనూ పెద్దవాళ్ళనీ తీసుకెళ్తాడు. ఈసారి బయలుదేరే ముందు శేషారత్నం తన పాత చీర ఒకటి, ఆవపువ్వు రంగుది, పేలికలుగా చింపి అందరి పెట్టెలకీ కట్టింది. మనవాళ్ళు గుంపుగా వెళ్తే అంతే. ఎవరి పెట్టె ఎవరిదన్న పట్టింపు ఉండదు. పేలిక కనిపిస్తే చాలు, బెల్టు దగ్గర ముందున్నవాళ్ళు లాగి పక్కన పెట్టేస్తారు.

“ఆ పేలిక నా పెట్టెకీ ఉంది కదండీ,” విజయకుమారి కూర్చుంటూనే అందుకుంది. “నా చేతికి ముందు ఆ నీలం పెట్టె తగిలుంటే నేనే లాగేదాన్ని. మా అబ్బాయికి ఇంకా చెప్పనేలేదు.”

“నా చేతికి తగిలింది. అయిపోయింది.”

“అందులో పాములు కూడా ఉన్నాయటగా. ఓసారి మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసి రండి వదినగారూ. సుబ్బారాయుడికి దణ్ణాలు పెట్టుకునేవాళ్ళం మనం. అలాంటి జీవాల్ని సంచుల్లో కుక్కితే ఊరికే పోతుందా? మీరు కుక్కారని కాదనుకోండి.”

“వెళ్తాను లెండి.”

“అబ్బాయైనా వెనక్కొచ్చి ఆఫీసర్లకి ఒక్క మాట చెప్పుంటే బాగుండేది. అద్దాల అవతల నిలబడి చూస్తూనే ఉన్నాడు కదా, నేనప్పటికి...”

“వాడు చూడలేదు,” శేషారత్నం గబుక్కున అంది. “ముందే వెళ్ళిపోయాడు. బస్సు మాట్లాడ్డానికి.”

వసారాలో పేపరు మడిచిన చప్పుడైంది. విజయకుమారి కాసేపు ఈనెలు తియ్యడంలో సాయం పట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధిలో ఏ ఇంట్లో ఏం చెప్పుకుంటారో శేషారత్నానికి తెలుసు. అయినా ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

సుధన్వ చూశాడు. అద్దాల అవతల ట్రాలీ పట్టుకుని నిలబడి, ఆఫీసరమ్మ తన తల్లిని పక్కకి పిలవడం చూశాడు. శేషారత్నం చెయ్యెత్తింది. వాడు తల తిప్పుకుని జనంలో కలిసిపోయాడు.

దాన్ని ఆమె ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది. పిల్లాడు భయపడ్డాడు, అంతే. బెల్టు దగ్గర తను తొందరపడి ఆ పెట్టె లాగింది. లేకపోతే వాడే తీసుకునేవాడు, వాడే పట్టుబడేవాడు. తల్లి చెయ్యి అడ్డం పడి కొడుకు తప్పించుకున్నాడు. అలా అనుకుంటే ఆమెకి కాస్త నిద్ర పట్టేది. పెట్టెకి అంటించిన చీటీ మీద ఆమె పేరే ఉందని కస్టమ్స్ వాళ్ళు చూపించారు. అప్పుడు కూడా, గుంపు సామానంతా వాడు బ్యాంకాక్‌లో ఒకేసారి కౌంటర్లో ఇచ్చాడు కదా, ఎవరి పేరున ఏది పడిందో వాడికి మాత్రం ఏం తెలుసు అని సర్దుకుంది.

మనిషికి నమ్మాలని ఉంటే కారణాలకి కొదవుండదు.

అన్నాలయ్యాక ఇంద్రజ వచ్చింది.

శేషారత్నం బెయిలు మీద ఇంటికొచ్చిన మర్నాడే, నాకిక్కడ ఊపిరాడ్డంలేదు అత్తయ్యా అని చెప్పి, కోడూరులో పుట్టింటికి వెళ్ళిపోయిన కోడలు. వరిచేలూ రొయ్యల చెరువులూ ఉన్న రైతు కుటుంబం వాళ్ళది. సుధన్వ ప్రేమించి చేసుకున్నాడు. అప్పట్లో శేషారత్నం కులం కాని కులమని నెల్లాళ్ళు ఏడ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె మనసు విప్పి మాట్లాడేది ఆ పిల్లతోనే.

బస్సు బడలిక మొహం మీద తెలుస్తోంది. చేతిలో బట్టల సంచీ లేదు. ఉండడానికి రాలేదని శేషారత్నానికి చూడగానే అర్థమైంది.

“అన్నం పెట్టనా?”

“అమ్మ పెట్టి పంపింది. మీరు కూర్చోండి అత్తయ్యా. మాట్లాడాలి.”

“అమ్మగారు కులాసాయేనా? నాన్నగారు?”

“నాన్నకి ఇంకా చెప్పలేదు. అమ్మే బాగాలేదు. అన్నం సరిగ్గా తినడం లేదు, ఊరికే ఏడుస్తోంది.”

“నా గురించేనా? నాకేం ఫరవాలేదని చెప్పమ్మా. బెయిలొచ్చిందిగా.”

“మీ గురించీ, తన గురించీ.”

ఇంద్రజ వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. శేషారత్నం గుడ్డ తీసుకుని పొయ్యి గట్టు తుడవడం మొదలెట్టింది.

“పోయినేడు మా అమ్మ కూడా బ్యాంకాక్ వెళ్ళింది గుర్తుందా? అల్లుడు తీసుకెళ్తున్నాడని కోడూరంతా చెప్పుకుని మరీ వెళ్ళింది.”

“ఎందుకు గుర్తుండదు? నాకు కుంకుమ భరిణ తెచ్చారు రాజకుమారిగారు.”

“వచ్చేటప్పుడు అమ్మ పేరున ఒక పెట్టె ఎక్కువ పడిందట. ఇది నాది కాదు బాబూ అందట. చేపల తొట్లకి సామాను అత్తయ్యగారూ, అందరి పేరునా సర్దాలి, బయటికెళ్ళేదాకా మీరే తొయ్యండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు అన్నాడట. అమ్మ తోసుకుంటూ వచ్చింది. బయట ఎవరో అందుకుని పట్టుకెళ్ళారు. అమ్మ ఆ సంగతే మర్చిపోయింది. మీ సంగతి విన్నాక గుర్తొచ్చింది.”

శేషారత్నం చెయ్యి ఆగలేదు. తుడిచిన చోటే తుడుస్తోంది.

“అమ్మ నన్నేం అడిగిందో తెలుసా? దాంట్లో కూడా అవే ఉన్నాయంటావా, నేను తోసుకొచ్చింది వాటినేనంటావా అని. ఏం చెప్పమంటారు?”

“నిజంగా చేపల సామానేనేమో.”

“మీరు నమ్ముతున్నారా ఆ మాట?”

శేషారత్నం గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలెట్టింది.

“అత్తయ్యా, మీరు పొరపాటున లాగలేదు. ఆ పెట్టె మీకోసమే పెట్టాడు. పోయినసారి మా అమ్మ, ఈసారి మీరు.”

“మెల్లగా. మీ మావయ్యగారు వింటారు.”

“విననివ్వండి.”

“వద్దు. ఆయన వినకూడదు.”

పెరట్లో పంపు కింద బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఇంకో రోజైతే శేషారత్నం పరిగెత్తేది. ఇవాళ ఆ చప్పుడు ఆమెకి వినిపించలేదు. ఈసారైనా రావే అమ్మా, విమానం ఎక్కిస్తాను అని వాడెంత బతిమాలాడో గుర్తొస్తోంది. పాస్‌పోర్టు లేదంటే వెంటపడి చేయించాడు. విమానంలో కిటికీ పక్క సీటు ఇప్పించాడు. తల్లినింత ప్రేమగా చూసుకునే కొడుకు ఎవరికుంటాడని ఆమె వీధంతా చెప్పుకుంది. వచ్చే రోజు పొద్దున్నే హోటల్లో, “అమ్మా, నీ దగ్గర పేలిక ఇంకోటుందా?” అని అడిగి తీసుకున్నాడు.

చాలాసేపటికి ఆమే నోరు విప్పింది.

“ఎవరికీ చెప్పలేదు ఇంద్రజా. ఎయిర్‌పోర్టులో ఆ గదిలో పెట్టె విప్పినప్పుడు ఒక గుడ్డసంచీ కదిలింది. ఆఫీసరమ్మ ముడి విప్పింది. ఒళ్ళంతా బొచ్చు, తోక లేదు, ఇంతే ఉంది. గిబ్బన్ అంటారట. పక్కది చచ్చిపోయి బిగుసుకుపోయుంది. ఇది దాన్నే కావిలించుకుని ఉంది. ఆవిడ రెంటినీ విడదీస్తుంటే, చెయ్యి చాపి నా వేలు పట్టుకుంది. అంతమందిలో నన్నే ఎందుకు పట్టుకుందో. ఇక వదల్లేదు.”

“మీరేం చేశారు?”

“ఏం చేస్తాను? నిలబడ్డాను. ఆఫీసరమ్మ మంచిదే, నీ వయసుంటుంది. దీని తల్లేదమ్మా అని అడిగాను. తల్లి బతికుండగా పిల్ల చేతికి రాదండీ, చంపే తీసుకుంటారు అంది.”

ఇంద్రజ కళ్ళు తుడుచుకుంది.

“దాన్ని మళ్ళీ విమానంలో వాళ్ళ దేశమే పంపించేస్తారట. పంపితే మాత్రం, అక్కడ దానికెవరున్నారు?”

ఇంద్రజ లేచి పంపు కట్టేసి వచ్చింది.

“సోమవారం ఏం చెప్తారు?”

“నాదనే చెప్తాను.”

“ఇంత విన్నాక కూడానా?”

“వాడు జైలుకెళ్తే తట్టుకోలేడమ్మా. చిన్నప్పటినుంచీ అంతే వాడు. నాకేముంది, నాలుగు మెతుకులు ఎక్కడ తిన్నా ఒకటే.”

“మీకు ఒకటేనేమో. మాకు కాదు.” ఇంద్రజ ఆమె చేతిలో గుడ్డ తీసుకుని పక్కన పెట్టింది. “ఇంకో సంగతి వినండి. అమ్మ కూడా వచ్చి జరిగింది చెప్పేస్తానంటోంది. నాన్నకి తెలిస్తే ఇంట్లో ఎంత గొడవవుతుందో మీకు తెలుసు. అయినా చెప్తానంటోంది. మీరు మీదేనని చెప్తే అమ్మ మాట ఎవరు నమ్ముతారు? ఈవిడ కూడా ఆ ముఠాలో మనిషేనని అమ్మనీ పట్టుకుంటారు. అదొక్కటి ఆలోచించండి.”

శేషారత్నం అప్పటిదాకా అది ఆలోచించలేదు. నెత్తిన వేసుకుంటే అంతా తన ఒక్కదానితోనే పోతుందనుకుంది. ఇంకో తల్లి మెడకి చుట్టుకుంటుందని ఆమెకి తట్టనేలేదు.

దీపాలు పెట్టే వేళకి సుధన్వ గుడివాడ నుంచి వచ్చాడు. నట్టింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డ భార్యని చూసి గుమ్మంలో ఒక క్షణం ఆగాడు.

“ఎప్పుడొచ్చావు?”

అతను వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పొద్దున కన్నా మొహం తేలికపడింది.

“అమ్మా, వాళ్ళూ అదే అన్నారు. నువ్వు ఆ మాట మీద నిలబడితే చాలు, ఎవరికీ ఏమీ కాదు.”

“ఎవరికీ అంటే?”

“అదే... కోర్టు కూడా నీ వయసు చూసి పోనిస్తుంది.”

శేషారత్నం అతనికి ఎదురుగా మంచం మీద కూర్చుంది. నట్టింటికీ వసారాకీ మధ్య తలుపు తీసే ఉంది. దాని అవతల పడక్కుర్చీలో ఆయన ఉన్నాడు. చీకటి పడ్డాక పేపరు కనిపించదు. అయినా చేతిలోనే ఉంది.

“నిన్నొకటి అడుగుతాను. దీనికి మాత్రం అబద్ధం చెప్పకు. సోమవారానికి సరిపడా నా దగ్గరున్నాయి.”

“ఏంటమ్మా?”

“ఆ పెట్టె నా చేతికి పొరపాటున వచ్చిందా?”

సుధన్వ భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?”

“కౌంటర్లో ఆ పెట్టె నా పేరున రాయించింది నువ్వేనా?”

వీధిలో ఆటో ఒకటి వచ్చి, ఎవరినో దింపి, తిరిగి వెళ్ళిపోయింది. సుధన్వ అరచేతులు రుద్దుకుంటున్నాడు.

“నిన్ను ఎవరూ ఆపరనుకున్నానమ్మా.”

ఏడుపొస్తుందనుకుంది శేషారత్నం. రాలేదు. ఇన్నాళ్ళూ ఆమెని నిలబెట్టింది ఆ ఒక్క పొరపాటే. తన చెయ్యే తొందరపడిందన్న నమ్మకంతోనే లాకప్పులో కూర్చుంది, కోర్టులో నిలబడింది, వీధిలోకి తలెత్తుకుని వచ్చింది. ఇప్పుడది లేదు. లోపల ఏమీ లేనట్టు చల్లగా అయిపోయింది.

“ఆపారు కదా మరి,” అంది. “అప్పుడు నువ్వు చూశావు.”

“చూశాను.”

“నేను చెయ్యెత్తాను.”

“భయమేసిందమ్మా. నేను కూడా వస్తే ఇద్దరం పోతామనుకున్నాను.”

“ఒకళ్ళు పోతే చాలనుకున్నావు.”

సుధన్వ కుర్చీలోంచి జారి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. “ఈ ఒక్కసారికి కాపాడమ్మా. వాళ్ళతో తెంచుకుంటాను. నీ మీద ఒట్టు, ఇంకెప్పుడూ ఆ జోలికి వెళ్ళను.”

ఆ ఏడుపు నటన కాదు. అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. చెయ్యి తనకి తెలియకుండానే వాడి తల మీదకి వెళ్ళింది. జుట్టు నిమిరింది. నిమురుతూ ఉంటే ఇప్పుడు కళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

వసారాలో పడక్కుర్చీ కిర్రుమంది.

సీతారామాంజనేయులు గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు.

“నేను విన్నాను,” అన్నాడు.

“నాన్నగారూ...”

“ఆగు. ఇన్నాళ్ళూ నాకున్నది అనుమానం. అనుమానం పట్టుకుని మనిషి నోరు తెరవకూడదు, అందుకే మూసుకున్నాను. ఇవాళ నా చెవులతో నేను విన్నాను.” ఆయన గొంతు ఆగి ఆగి వస్తోంది. మాట్లాడడం అలవాటు తప్పిన గొంతు. “సోమవారం అక్కడ చెప్పాల్సింది మీ అమ్మ కాదు. నువ్వు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

సుధన్వ నేల చూస్తున్నాడు. ఆయన ఆగాడు. కోర్టులో జవాబు కోసం ఎంతసేపైనా ఆగేవాడని పేరున్న మనిషి. ఇంద్రజ భర్త మొహమే చూస్తోంది. ఒక్క మాట, అని ఆ చూపు బతిమాలుతున్నట్టే ఉంది. సుధన్వ తల ఎత్తలేదు.

“సరే,” అన్నాడు ఆయన. “కాంతారావు ఇంటికెళ్ళి వస్తాను. సోమవారం నేనూ వస్తున్నానని చెప్పాలి. విన్నది చెప్తాను, అంతే.”

“కన్నకొడుకండీ,” అంది శేషారత్నం.

“నేను మాత్రం కాదన్నానా?” ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా అద్దాలు తేటపడలేదు కాబోలు, పెట్టుకోకుండానే జేబులో వేసుకున్నాడు. “వాడు నాకు కొడుకైతే నువ్వెవరివి మరి?”

వెనక్కి తిరిగి వీధి గుమ్మం వైపు నడిచాడు.

“అమ్మా, నాన్నని ఆపు,” అన్నాడు సుధన్వ.

శేషారత్నం లేచింది. ఆ వయసులో అంత తొందరగా ఎలా వెళ్ళిందో, ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టే లోపలే వెళ్ళి వీధి తలుపుకి అడ్డంగా నిలబడింది. ఒక చెయ్యి తలుపు రెక్క మీద ఉంది.

“తప్పుకో రత్నం.”

“అమ్మా,” వెనకనుంచి కొడుకు.

ఆమె కదల్లేదు. ఆపడానికే లేచిందని కొడుకు అనుకుంటున్నాడు. ఆమె కూడా అలాగే అనుకుని లేచింది. కానీ మధ్యాహ్నం వంటింట్లో, మెల్లగా, ఆయన వినకూడదు అని కోడలి నోరు మూయించిన మనిషే, ఇందాక తలుపు బార్లా తీసి ఉండగా, ఆయన అవతలే కూర్చుని ఉండగా, ఆ ప్రశ్న అడిగింది. మరిచిపోయి అడగలేదు. తెలిసే అడిగింది.

ఆ సంగతి భర్తకి కూడా అర్థమైందని ఆయన కళ్ళు చూస్తే తెలిసింది. ఆయన రెక్క మీదున్న ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. లాగలేదు. ఆ చెయ్యి దానంతటదే కిందికి జారిపోయింది.

ఆయన గుమ్మం దాటాడు.

నట్టింట్లో కుర్చీ పక్కకి జరిగిన చప్పుడైంది. సుధన్వ లేచాడు. అడుగులు గబగబా వసారాలోకి వచ్చి ఆమె వెనక ఆగాయి.

“ఆగండి నాన్నగారూ.”

పుట్టినప్పటినుంచి వింటున్న గొంతు. ఆకలేస్తే ఒకలా, అబద్ధమాడితే ఒకలా ఎలా మారుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ఇప్పుడు ఆయన్ని ఆపడానికి పిలుస్తున్నాడో, తనూ వెంట వస్తానని పిలుస్తున్నాడో, ఎంత చెవి పెట్టినా శేషారత్నం పోల్చుకోలేకపోయింది.